ఇరవై ఏడో పేజీ చదివిన మనిషి

ఇంట్లో బాత్రూమ్ ఒక్కటే ఉండి, అందులో బావగారుంటే, ఏ మనిషీ ఏ ఉద్యోగంలోనూ పైకి రాలేడు. డిటెక్టివ్ ఉద్యోగంలో అసలే రాలేడు. గురువారం ఉదయం తొమ్మిది ముప్ఫై రెండుకి భూతద్దం భుజాన తువ్వాలు, చేతిలో సబ్బు పెట్టుకుని బాత్రూమ్ తలుపు ముందు నిలబడి ఉన్నాడు. అలా నిలబడి అప్పటికి ఇరవై రెండు నిమిషాలైంది. లోపల బావగారున్నారు. బావగారి చేతిలో ఫోనుంది. ఫోనులో షేర్ మార్కెట్ ఉంది. మార్కెట్ తెరిచేది తొమ్మిదింపావుకి. బాత్రూమ్ మూసేది మాత్రం తొమ్మిది పదికే.

భూతద్దం అనేది ఆయన అసలు పేరు కాదు. ఆయన ప్రైవేటు డిటెక్టివ్. నిజానికి ఆయన దగ్గర భూతద్దం లేదు, మందపాటి కళ్లజోడు ఉంది. కరెంటు బిల్లు కూడా ముక్కుకి ఆనించుకుని చదువుతాడని వీధివాళ్లు ఆ పేరు ఖాయం చేశారు.

"బావా, ఇంకెంత?"

"పన్నెండు వందల ఇరవై!" అని లోపల్నించి సమాధానం.

"నేనడిగింది టైము."

"ఉండవోయ్. ముప్ఫై దాటగానే వచ్చేస్తా."

వంటింట్లోంచి అక్క తొంగి చూసింది. "తొందరపెట్టకురా తమ్ముడూ. నిన్న నువ్వు తలుపు కొట్టినందుకే ఆరు పడిందట."

అక్కాబావలు పాత ఫ్లాటు అమ్మేశారు. కొత్త ఫ్లాటుకి సోమవారం డబ్బు కట్టాలి. ఈ రెంటికీ మధ్య నలభై రోజులు తమ్ముడి రెండు గదుల ఇంట్లో, ఏడు సూట్‌కేసులతో సహా దిగారు. అంతవరకూ బాగానే ఉంది. కానీ ఫ్లాటు అమ్మిన డబ్బు బ్యాంకులో ఊరికే పడి ఉంది. మధ్యతరగతి ఇంట్లో మనిషి ఖాళీగా కూర్చుంటే ఎన్నేళ్లయినా భరిస్తారు. డబ్బు ఖాళీగా కూర్చుంటే నలభై రోజులు కూడా భరించలేరు. మొన్న మంగళవారం ఒక అనలిస్టు రిపోర్టు బయటికొచ్చింది. పైన ఆకుపచ్చ పెట్టెలో "కొనండి. పదిహేను వందలకి వెళ్తుంది" అని ఉంది. బావగారు అది చూసి, మొత్తం డబ్బు తీసుకెళ్లి మబ్బుల కంపెనీ షేర్లలో పెట్టేశారు.

మబ్బుల కంపెనీ అంటే వేరేవాళ్ల కంప్యూటర్ సమాచారాన్ని తన దగ్గర అద్దెకి దాచిపెట్టే కంపెనీ. జనం పెట్టిన ముద్దుపేరు అది. వానాకాలం వస్తోంది కాబట్టి దానికి మంచి రోజులని బావగారు కొంతకాలం నమ్మారు. అనలిస్టు అంటే ఇలాంటి కంపెనీల్ని కూలంకషంగా చదివి, కొనాలో అమ్మాలో చెప్పే ఉద్యోగి. ఆయన కొనమంటాడు. జనం కొంటారు. జనం కొన్నారు కాబట్టి ధర లేస్తుంది. ధర లేచింది కాబట్టి, చూశావా ఎంత కరెక్టుగా చెప్పాడో అని మిగతా జనం కొంటారు. మంగళవారం పొద్దున తొమ్మిది వందలున్న షేరు ఇప్పుడు పన్నెండు వందల ఇరవై.

కాలింగ్ బెల్ మోగింది. భూతద్దం తువ్వాలుతోనే వెళ్లి తలుపు తీశాడు. ఎదురుగా నలభై ఏళ్లావిడ. చేతి సంచిలోంచి పరీక్ష పేపర్లు బయటికి కనిపిస్తున్నాయి.

"డిటెక్టివ్ గారు స్నానంలో ఉన్నారాండీ?"

"ఉంటే బాగుండేదమ్మా. కూర్చోండి, నేనే."

ఆవిడ కుర్చీ అంచు మీద కూర్చుంది. "నేను లెక్కల టీచర్నండీ. మావారు మంగళవారం నుంచి కనిపించడం లేదు. తొమ్మిది యాభైకి ఆఫీసులో సీటు లోంచి లేచారట. అంతే. పోలీసులకి చెప్పాను."

"ఏమన్నారు?"

"లంచం తిని పారిపోయాడన్నాడు ఆ ఇన్‌స్పెక్టరు. లంచం తినే మనిషైతే పదిహేనేళ్లలో మా ఇంటికి ఒక ఫ్రిజ్జయినా మారేదండీ."

"ఎవరిచ్చారట లంచం?"

"మబ్బుల కంపెనీ వాళ్లు. ఆ రిపోర్టు రాసింది మావారే."

బాత్రూమ్ తలుపు భళ్లున తెరుచుకుంది. బావగారు బయటికొచ్చారు. "ఏమమ్మా, పదిహేను వందలకి ఎప్పుడు వెళ్తుందో మీవారేమైనా చెప్పారా?"

"ఆయనే వెళ్లిపోయారండీ."

"అయ్యో. మరి షేరు మీద ప్రభావం ఏమైనా..."

"బావా!" అన్నాడు భూతద్దం. బావగారు ఫోను చూసుకుంటూ మళ్లీ లోపలికెళ్లి గడియ పెట్టుకున్నారు.

భూతద్దం నిట్టూర్చి ఆవిడ వైపు తిరిగాడు. "ఆ రిపోర్టు మీరు చదివారా?"

"మొదటి పేజీ. మా పుట్టింటివాళ్లు పదకొండు మంది కొన్నారండీ, ఆయన పేరు చూసి. వాళ్లూ మొదటి పేజీయే." ఆవిడ తల దించుకుంది. "స్టెప్పులు రాయకపోతే పిల్లలకి సున్నా వేస్తాను. నేను మాత్రం ఆన్సరొక్కటే చూశాను."

ఆరోజు భూతద్దం స్నానం చేయలేదు.

అనలిస్టు పనిచేసే షేర్ల బ్రోకరేజీ ఆఫీసుకి చేరేసరికి పన్నెండు ఇరవై. అనలిస్టు సీటు కిటికీ పక్కన మూల. సీటు ఖాళీగా లేదు. ఇన్‌స్పెక్టరు అందులో వెనక్కి వాలి అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఒకప్పుడు ఈ ఇన్‌స్పెక్టరు భూతద్దం దగ్గర ఆరు నెలలు అసిస్టెంటుగా చేశాడు. తర్వాత పరీక్ష రాసి పోలీసయ్యాడు. అప్పటి జీతం బాకీ ఏమీ లేదు గాని, అప్పట్లో పడ్డ చివాట్లన్నీ వడ్డీతో తీర్చుకుంటున్నాడు.

"రండి గురువుగారూ. సంతలో తప్పిపోయిన కుక్కపిల్లల కేసులు అయిపోయాయా?"

"నేరం జరిగిన కుర్చీలో కూర్చోకూడదని నీకు ఆరు నెలలు చెప్పాను."

"మెత్తగా ఉంది గురువుగారూ. కేసు కూడా ఇంతే మెత్తగా ఉంది. కంపెనీ డబ్బిచ్చింది, ఈయన కొనమని రాశాడు, ధర లేచింది, ఈయన చెక్కేశాడు. మూడింటికి ప్రెస్ మీట్ పెట్టాను."

"మనిషి దొరకలేదుగా?"

"దొరికితే మనిషితో పెడతా. దొరక్కపోతే ఫొటోతో పెడతా."

"ప్రెస్ మీట్‌లో రిపోర్టు దొంగదని చెప్తావా?"

"చెప్పకపోతే టీవీవాళ్లెందుకొస్తారు?"

భూతద్దం గోడ గడియారం వైపు చూశాడు. మూడింటికి ఆ మాట టీవీలో వస్తే మూడు ఐదుకి షేరు రాయిలా పడుతుంది. మార్కెట్ మూసేది మూడున్నరకి. పడ్డానికి ఇరవై ఐదు నిమిషాలు ఎక్కువే. అక్క ఫ్లాటు కళ్లముందు కదిలింది. ఇంకా కొనని ఫ్లాటు, మూడో అంతస్తు, తూర్పు వైపు బాల్కనీ.

"కాస్త లే. బల్ల చూడాలి."

ఇన్‌స్పెక్టరు నవ్వుతూ లేచాడు. "చూడండి. మా వాళ్లు రెండు గంటలు చూశారు."

భూతద్దం కళ్లజోడు ముక్కు మీదికి జార్చి వంగాడు. బల్ల మీద ఫోను చార్జరుంది. కుర్చీ వెనక కోటుంది. సొరుగులో ఇంటి తాళాలు, పర్సు ఉన్నాయి. కీబోర్డు పక్కన చెక్క మీద గుండ్రటి మరక ఒకటి, దాని మీద మరొకటి, పదిహేనేళ్ల మరకలు. టీ కప్పు మరకలు. కప్పు మాత్రం లేదు.

"ఏం లేవో చూశావా?"

"అన్నీ ఉన్నాయిగా."

"అదే. పర్సు వదిలేశాడు, తాళాలు వదిలేశాడు, కోటు వదిలేశాడు. టీ కప్పు పట్టుకెళ్లాడు. దేశం వదిలి పారిపోయేవాడు టీ కప్పు పట్టుకెళ్తాడా?"

"సెంటిమెంటేమో."

"టీ కప్పు పట్టుకున్నవాడు మహా అయితే ఒక అంతస్తు దాటుతాడు, అంతే."

ఇన్‌స్పెక్టరు ఒక్క క్షణం ఆలోచనలో పడ్డట్టే పడి, భుజాలెగరేసి, ఫోను మాట్లాడుకుంటూ వరండాలోకి వెళ్లిపోయాడు. భూతద్దం సంతోషించాడు. ఎందుకు సంతోషించానా అని తర్వాత చాలాసేపు తిట్టుకున్నాడు.

బల్ల మీద రెండు రిపోర్టుల ప్రింట్లున్నాయి. రెండూ మబ్బుల కంపెనీ మీదే. ఒకటి మంగళవారంది, రెండోది మూడు నెలల కిందటిది. భూతద్దం రెంటినీ పక్కపక్కన పెట్టాడు. అదే ఆకుపచ్చ పెట్టె. అదే "కొనండి." అదే పదిహేను వందలు. పెట్టె అడుగున చీమ తలకాయంత అక్షరాలతో తేదీ ఉంది. ప్రింటుని ముక్కుకి ఆనించుకున్నాడు.

రెంటి మీదా ఒకటే తేదీ. మూడు నెలల కిందటిది.

పక్క సీటులో ఒక పెద్దావిడ ఎర్ర పెన్నుతో ఏదో దిద్దుతోంది. ఆఫీసంతా ఆవిడని కామాల మేడమ్ అంటారు. ప్రతి రిపోర్టూ బయటికెళ్లే ముందు ఆవిడే దిద్దుతుంది.

"మేడమ్, మంగళవారం రిపోర్టు మీ చేతికి ఎన్నింటికొచ్చింది?"

"ఎనిమిదీ నలభై."

"ఎన్నింటికి పంపారు?"

"తొమ్మిదీ పది."

"ముప్ఫై నాలుగు పేజీలు అరగంటలో చదివేశారా?"

"చదవడమేమిటండీ? దిద్దాను." ఆవిడ కాస్త నొచ్చుకుంది. "నలభై ఒక్క కామాలు పెట్టాను."

"చదవకుండా ఎలా దిద్దారు?"

"చదివితే దిద్దలేమండీ. అర్థం అడ్డొస్తుంది."

భూతద్దం ఆ మాట నోట్‌బుక్‌లో రాసుకుని, ఎందుకు రాసుకున్నాడో తెలియక కొట్టేశాడు. "మొదటి పేజీ మీద ఆకుపచ్చ పెట్టె ఉంది కదా. అందులో తేదీ పాతది. చూడలేదా?"

"పెట్టె నాది కాదండీ. పెట్టె డిజైనువాళ్లది."

"డిజైనువాళ్లు?"

"వాళ్లది రంగు వరకే. అందులో మాటలు అనలిస్టువి."

"అనలిస్టు పెట్టె మార్చలేదా?"

"ఇక్కడెవరూ కొత్త ఫైలు తెరవరండీ. పాత రిపోర్టు కాపీ చేసుకుని దాని మీదే కొత్తది రాస్తారు. ఆయనా అంతే." ఆవిడ పెన్ను ఆగింది. "లోపల రాసింది బయట పెట్టెలోకి దానంతటదే ఎక్కుతుందనుకుంటారు పాపం. ఎక్కదు. పెట్టెని విడిగా మార్చాలి."

"అయితే లోపల ఏం రాశాడు?"

కామాల మేడమ్‌కి తెలిస్తే కదా చెప్పడానికి. తన కాపీ ఆయన ముందుకి తోసింది.

ఇరవై ఏడో పేజీ దగ్గర భూతద్దం ఆగాడు. ఎర్ర కామాల మధ్య, మామూలు తెలుగులో, చిన్నపిల్లలకి కూడా అర్థమయ్యేట్టు రాసి ఉంది. మబ్బుల కంపెనీకి వచ్చే ప్రతి వందలో డెబ్బై ఒకటి ఒక్క కస్టమరు ఇస్తున్నాడు. ఆ కస్టమరు సొంత కంప్యూటర్లు కట్టుకున్నాడు. వచ్చే నెలలో ఒప్పందం అయిపోతుంది, మళ్లీ రాసుకోరు. కాబట్టి ఈ షేరున్నవాళ్లు వెంటనే అమ్మండి. దీని న్యాయమైన ధర నాలుగు వందల పది.

భూతద్దం అదే పేజీ రెండోసారి చదివాడు. నాలుగు వందల పది మారలేదు. అక్కాబావలు కొన్నది తొమ్మిది వందల నలభైకి. లెక్క వేయకుండా ఉండటానికి ఆయన చాలా ప్రయత్నించాడు. అయినా బుర్ర దానంతటదే వేసేసింది. బాల్కనీ పోయింది, వంటగది పోయింది, రెండు పడకగదుల్లో ఒకటి పోయింది.

"మేడమ్, దీన్ని ఎంతమంది చదివారో తెలుస్తుందా?"

"తెలుస్తుంది. ఏ పేజీ ఎవరు తెరిచారో లెక్కొస్తుంది." ఆవిడ కంప్యూటర్ తిప్పి చూపించింది. "రిపోర్టు తెరిచినవాళ్లు పదకొండు వేల ఆరు వందల నలభై. సగటున చూసింది తొమ్మిది సెకన్లు."

"ఇరవై ఏడో పేజీ దాకా వచ్చినవాళ్లు?"

ఆవిడ వేలితో కిందికి జరిపింది. "ఒక్కరు."

"ఒక్కరా?"

"ఒక్కరే. కానీ అరవై మూడుసార్లు తెరిచారు. ఆఖరుసారి... అదేమిటి, పావుగంట కింద!"

"ఎక్కణ్నుంచి?"

"మన బిల్డింగే. రికార్డుల గది. అక్కడికెవరూ వెళ్లరే. ట్యూబ్‌లైటు కొట్టుకుంటుందని ఆరు నెలల కిందట కంప్లెయింటు కూడా రాశాను. అందులో రెండు కామాలు..."

భూతద్దం అప్పటికే మెట్లు దిగుతున్నాడు. కింద అంతస్తు. నడవా చివర. రెండు గంటల ఎనిమిది నిమిషాలు. తలుపు అవతల ఎవరో మెల్లగా, ఓపిగ్గా మాట్లాడుతున్నారు.

"లేదండీ, నేను ఏదీ అమ్మడం లేదండీ. మిమ్మల్ని అమ్మమంటున్నాను. హలో? హలో?"

భూతద్దం తలుపు తోశాడు. పాత ఫైళ్ల బీరువాల మధ్య ఒక స్టూలు, స్టూలు మీద ఒక మనిషి. రెండు రోజుల గడ్డం, నలిగిన చొక్కా. ఒళ్లో రిపోర్టు అందుకున్న ఖాతాదారుల నంబర్ల పుస్తకం, చేతిలో ఆఫీసు ఫోను, కాళ్ల దగ్గర టీ కప్పు. పైన లైటు టపటపా కొట్టుకుంటోంది.

"మీ ఆవిడ పంపిస్తే వచ్చాను" అన్నాడు భూతద్దం.

అనలిస్టు మొహం ఇంకాస్త పాలిపోయింది. "తనకి తెలిసిపోయిందా?"

"ఏది?"

"అయితే తెలీదు." ఆయన ఫోను పెట్టేశాడు. "పుట్టింటివాళ్లు పదకొండు మంది కొన్నారండీ. మా అత్తగారు ఆ మొదటి పేజీకి ఫ్రేమ్ కట్టించారు. ఇంటికెలా వెళ్లమంటారు?"

"పెట్టె మార్చడం మర్చిపోయారు."

"మర్చిపోయాను" అన్నాడాయన చిన్నపిల్లాడిలా. "ఆరు వారాలు రాశానండీ ఆ రిపోర్టు. పదిహేనేళ్లలో నేను రాసిన మంచి రిపోర్టు అదే. తొమ్మిది యాభైకి టీవీలో చూశాను. నా పేరు కింద 'కొనండి' అని వస్తోంది. పరుగెత్తుకుంటూ మా డైరెక్టరు దగ్గరికెళ్లాను."

"ఏమన్నారు?"

"తప్పని ఒప్పుకుంటే మన తర్వాతి రిపోర్టు ఎవడు నమ్ముతాడయ్యా, అన్నారు. ఇంటికెళ్లి ఫోను ఆపేసుకో, సోమవారం చూద్దామన్నారు. ఆయన విమానం ఎక్కేశారు. సవరణ వెళ్లాలంటే ఆయన సంతకం, నా సంతకం రెండూ ఉండాలి."

"పేపరువాళ్లకి చెప్పాల్సింది."

"చెప్పాను. రిపోర్టు రాసినాయన నోటితో వింటేనే వేస్తామన్నారు. ఆయన్ని నేనేనన్నాను. నిజమో కాదో కనుక్కోవడానికి ఆఫీసుకి ఫోన్ చేశారు. ఆయన మంగళవారం నుంచి కనిపించడం లేదని ఆఫీసువాళ్లు చెప్పారు."

భూతద్దం బీరువాకి చేరగిలబడ్డాడు. "అందుకని ఒక్కొక్కళ్లకీ ఫోన్ చేస్తున్నారా? పదకొండు వేల మందికి?"

"రెండు వందల పన్నెండు అయ్యాయి." ఆయన పుస్తకం చూపించాడు. ప్రతి నంబరు పక్కనా పెన్సిలుతో చిన్న మాట. 'పెట్టేశారు.' 'తిట్టారు.' 'పోలీసులకి చెప్తానన్నారు.' 'వాళ్లబ్బాయికిచ్చారు, అబ్బాయి తిట్టాడు.' "ఇరవై ఏడో పేజీ చదవండి అంటానండీ. అనలిస్టే కొనమంటే మధ్యలో నువ్వెవడివి అంటారు."

"ఒక్కరు కూడా నమ్మలేదా?"

"ఒకాయన నమ్మారండీ. చాలా మంచాయన. మొత్తం విన్నారు, థాంక్స్ కూడా చెప్పారు. కానీ ఆయన దగ్గర షేర్లు లేవు. అది రాంగ్ నంబరు." ఆయన కళ్లు తుడుచుకున్నాడు. "ఇంకో చిక్కు కూడా ఉందండీ. ఎవరైనా నా మాట విని అమ్మితే, ఆ షేర్లు ఇంకెవరో కొంటారు కదా. వాళ్ల నంబరు నా దగ్గర ఉండదు."

భూతద్దం వేలు పేజీ మీద జారుతూ నూట తొంభై ఆరు దగ్గర ఆగిపోయింది. బావగారి నంబరు. పక్కన రెండు లైన్లు రాసి ఉంది. 'నేనే అనలిస్టునండీ అన్నాను. అయితే నేను మబ్బుల కంపెనీ ఓనర్ని అన్నారు. వెనకాల నీళ్ల చప్పుడు.'

ఆ లైన్లు చూస్తూ నిలబడిపోయినవాడికి వెనక అడుగుల చప్పుడు వినిపించలేదు.

"ఒక్క అంతస్తే గురువుగారూ! మీరన్నట్టే!" అంటూ ఇన్‌స్పెక్టరు ఇద్దరు కానిస్టేబుళ్లతో లోపలికొచ్చాడు. టైము రెండు ముప్ఫై ఐదు. "మీరు వెతుకుతారు, నేను పట్టుకుంటాను. ఆరు నెలలు నేర్చుకుంది ఇదే."

"ఆగు. ఈయన ఏ తప్పూ చేయలేదు. పొరపాటు చేశాడు."

"పొరపాటుకి ప్రెస్ మీట్ పెట్టలేం గురువుగారూ."

"పెట్టె మీద తేదీ చూడు. మూడు నెలల కిందటిది. లోపల అమ్మమనే రాశాడు. ఇరవై ఏడో పేజీ. ఒక్క పేజీ చదువు. రెండు నిమిషాలు."

"కోర్టు చదువుతుంది లెండి." ఇన్‌స్పెక్టరు నంబర్ల పుస్తకం లాక్కుని తిరగేశాడు. మొహం వెలిగిపోయింది. "అబ్బ! ఇదేమిటి? బయటికేమో కొనండి అని రిపోర్టు. లోపల్లోపల రెండు వందల పన్నెండు మందికి ఫోన్ చేసి అమ్మండి అని చెప్పడం. నాకు లంచం ఎక్కడా దొరక్క ఛస్తున్నాను. మీరు బంగారం లాంటి సాక్ష్యం పెట్టారు గురువుగారూ."

"ఒక్కరూ నమ్మలేదండీ!" అన్నాడు అనలిస్టు ఏడుపు గొంతుతో.

"ఆ మాట కోర్టులో చెప్పకండి. కేసు బలహీనపడుతుంది" అన్నాడు ఇన్‌స్పెక్టరు దయగా.

కానిస్టేబుళ్లు ఆయన్ని లేపారు. ఆయన వంగి టీ కప్పు తీసుకోబోయాడు. సాక్ష్యమని అదీ లాక్కున్నారు. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి, "మా ఆవిడతో మీరే చెప్పండి సార్. మొదటి పేజీ ఒక్కటే తప్పు, మిగతా ముప్ఫై మూడూ కరెక్టని" అన్నాడు. భూతద్దం తలూపాడు. అంతకన్నా చేయగలిగింది ఏముంది?

"ఇంకో మాట గురువుగారూ." ఇన్‌స్పెక్టరు పుస్తకంలో వేలు పెట్టి ఆపాడు. "మూడింటికి నేను మైకు ముందుకెళ్తాను. ఈ లోపల ఈ రెండు వందల పన్నెండు నంబర్లలో ఎవరు అమ్మినా వాళ్లు ఈయన జట్టే. ఎత్తుకొస్తా. నూట తొంభై ఆరు నాకు బాగా గుర్తున్న నంబరు. మీ దగ్గర చేసిన రోజుల్లో మీ బావగారి ఫోను రీఛార్జి నేనేగా చేయించింది."

"ఆయనకేం తెలీదు. ఫోన్ వస్తే తిట్టి పెట్టేశారు. రాసి కూడా ఉంది."

"అందుకే ఇప్పటిదాకా అమాయకుడు. అమ్మితే మాత్రం తెలిసినట్టే. ఎవరు చెప్పారని అడుగుతాను. ఎవరు చెప్పగలరు? మీరొక్కరేగా ఉన్నారు."

సరిగ్గా రెండు నలభై ఆరుకి భూతద్దం జేబులో ఫోను మోగింది. తెర మీద 'అక్క' అని పడింది. ఇన్‌స్పెక్టరు చేతులు కట్టుకుని బీరువాకి ఆనుకున్నాడు. "ఎత్తండి. స్పీకర్‌లో పెట్టండి."

భూతద్దం పెట్టాడు.

"ఒరేయ్ తమ్ముడూ! ఆ అనలిస్టు గారి ఆఫీసులోనే ఉన్నావట కదా? మీ బావ గాల్లో తేలుతున్నారు, పన్నెండు అరవై అట. నా నగలు కూడా తాకట్టు పెట్టి ఇంకా కొందామంటున్నారు. బ్యాంకులోనే ఉన్నాం. సంతకం పెట్టడమే తరువాయి." వెనకాల బావగారి గొంతు: "తొందరగా అడగవే, మళ్లీ పెరిగిపోతుంది!" అక్క గొంతు తగ్గించింది. "నాకెందుకో గుండె దడగా ఉందిరా. ఈయన మాట మీద కాదు, నాకు నీ మాట మీదే నమ్మకం. నువ్వు వద్దన్నావంటే కొత్తవి కొనను సరికదా, ఉన్నవి కూడా ఈ నిమిషమే అమ్మించేస్తా. నువ్వేం అనకపోతే మంచిదేననుకుని సంతకం పెట్టేస్తా. విన్నావా?"

విన్నాడు. ఇన్‌స్పెక్టరు కూడా విన్నాడు. ఆయన చేతి గడియారం వైపు చూసి, ప్రేమగా చిరునవ్వు నవ్వాడు.

"తమ్ముడూ? ఉన్నావా?"

ఉన్నాడు. నోరు తెరిచాడు. చూడండి, ఈ కథ చెప్పేవాడిగా నేను ఇక్కడ ఏదో ఒక మాట ఆయన నోట పెట్టాలి. రెండు గంటలుగా ప్రయత్నిస్తున్నాను. వద్దంటే అక్క అమ్మేస్తుంది, బావగారు సాయంత్రానికి లాకప్‌లో ఉంటారు, వెనకే భూతద్దం ఉంటాడు. పైగా ఆ షేర్లు కొనే అమాయకురాలు ఇంకెవరి అక్కో. ఊరుకుంటే ఫ్లాటుతోపాటు నగలూ పోతాయి. కొనొద్దు, అమ్మొద్దు, అలాగే ఉంచు అంటే నగలు మిగులుతాయి గాని, మూడున్నరకల్లా ఫ్లాటు పోతుంది. అప్పుడు ఏడు సూట్‌కేసులతో అక్కాబావలు ఆ రెండు గదుల్లోనే శాశ్వతంగా ఉంటారు. తెలిసి కూడా చెప్పలేదని అక్కకి ఏదో ఒక రోజు తెలుస్తుంది.

బాబ్బాబు, అమ్మా తల్లీ, మీలో ఎవరికైనా ఏమైనా తోస్తే చెప్పండి. మీ ఇంట్లో అక్క ఉంటే ఆవిణ్ని అడిగైనా చెప్పండి. "అసలు కొనకుండా ఉండాల్సింది" అన్న సలహా మాత్రం వద్దు, అది ఆయనకి అప్పుడే తట్టింది. పేజీ తిప్పేసి వెళ్లిపోకండి, మీ కాళ్లు పట్టుకుంటాను. రెండు నలభై ఎనిమిదైంది. అక్క లైన్లోనే ఉంది. పెన్ను మూత తీసిన చప్పుడు వినిపిస్తోంది.